పదికి పద్నాలుగు మార్కుల వాసన

పోయినేడాది మా ఆస్పత్రికి వాసనలో నాలుగు మార్కులే వచ్చాయి. ఆ సంగతి చెప్పుకోవాలంటే మాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టే ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 'నిర్మల వైద్యాలయం' అనే పథకం కింద ఏటా సర్కారు ఆస్పత్రులకు నక్షత్రాలిస్తారు. నలభై అంశాలున్న పత్రం పట్టుకుని ఒక బృందం వస్తుంది. గంటన్నరలో ఆస్పత్రంతా చుట్టేసి, మార్కులేసి, భోంచేసి వెళ్తుంది. ఆ పత్రంలో పద్నాలుగో అంశం వాసన. పెద్దలు బాగా ఆలోచించి పెట్టిన అంశమే అది. క్రిములు కంటికి కనిపించవు. వాటిని లెక్కపెట్టాలంటే ల్యాబు కావాలి, ల్యాబుకి టెక్నీషియన్ కావాలి, ఆ పోస్టు తొమ్మిదేళ్ళుగా ఖాళీ. ముక్కయితే ప్రతి అధికారికీ పుట్టుకతోనే ఉంటుంది. అంచేత ఆస్పత్రి ఎంత శుభ్రంగా ఉందో ముక్కుతోనే తేల్చాలని నిర్ణయించారు. వాసన లేకపోతే సున్నా, కొద్దిగా ఉంటే నాలుగు, ఘాటుగా ఉంటే ఏడు, మిక్కిలి ఘాటుగా ఉంటే పది.

నేను ఆ ఆస్పత్రిలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. అక్కడ ఏ ఉత్తర్వు వెలువడినా నా వేళ్ళ మీదుగానే వెలువడుతుంది. ఈ కథలో ఉన్న ఉత్తర్వు కూడా నేనే టైపు చేశాను. ఎవరో చేసినదాన్ని చూసి నవ్వుకుంటున్నానని మీరు పొరపడకూడదని ముందే చెబుతున్నాను.

మా సూపరింటెండెంటు బెహరా గారు కంటి డాక్టరు. చెడ్డ మనిషి కాదు. శుక్లం తీసేటప్పుడు ఆయన చెయ్యి ఆవగింజంత కూడా వణకదు. పై ఆఫీసు నుంచి ఫోనొస్తే మాత్రం రిసీవరుతో సహా వణుకుతుంది. ఈ ఏడు గురువారంనాడు తనిఖీ అని కబురు రాగానే ఆయన ఏడుగురితో 'వాసన ఉన్నతీకరణ సమావేశం' పెట్టారు. అందులో నలుగురు డాక్టర్లు.

స్టోర్సు చూసే సన్యాసిరావు లేచి నివేదిక చదివాడు.

"సార్, మనం పోయినేడాది ఫినాయిల్ వాడాం. నాలుగొచ్చింది. ప్రస్తుతం స్టోర్‌లో ఇంకో రెండు రకాలున్నాయి. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్. పక్క ఆస్పత్రుల్లో వాకబు చేశాను. యాసిడ్ వాడినచోట ఏడిచ్చారు. బ్లీచింగ్ వాడినచోట కూడా ఏడే."

"రెండూ కలిపి వాడితే?" అన్నారు బెహరా గారు.

సన్యాసిరావు ఫైలు అట్ట మీద లెక్క వేశాడు. "పద్నాలుగు సార్."

"పత్రంలో గరిష్ఠం పదే కదా?"

"నాలుగు అదనంగా ఉంటాయి సార్. గాలికి కొంత పోయినా పది మనకి ఖాయం."

ఎవరూ నవ్వలేదు. నేను మినిట్స్‌లో 'పద్నాలుగు' అని రాసి కింద గీత కూడా గీశాను. మా జనరల్ మెడిసిన్ డాక్టరు నీలవేణి గారు ఆ సమావేశానికి రాలేదు. ఓపీలో నూట నలభై మంది ఉన్నారని కబురు పంపారు. ఆవిడ వచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

ఉత్తర్వు ఆ సాయంత్రమే తయారైంది. "ప్రతి వార్డు స్నానాలగది యందు యాసిడ్ మరియు బ్లీచింగ్ ద్రావణమును సమపాళ్ళలో ఒకే బకెట్టునందు కలిపి వాడవలెను. వాసన వృథా కాకుండుటకై కిటికీలు మూసి ఉంచవలెను. తనిఖీ ముగియువరకు ఫ్యాన్లు నిషేధించడమైనది." కిటికీల సంగతి బెహరా గారి స్వంత ఆలోచన. తలుపులూ కిటికీలూ తీసి ఉంచితే ప్రభుత్వ వాసన ప్రైవేటు స్థలాల్లోకి పోతుందని ఆయన బాధ.

మర్నాడు పొద్దున్న ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి పారిశుద్ధ్య కార్మికురాలు అప్పలనరసమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. పదిహేడేళ్ళుగా ఆడవాళ్ళ వార్డు ఆవిడ చేతిమీదే ఉంది. నేను చదివి వినిపించాను. ఆవిడ పెన్ను పట్టుకోలేదు.

"ఆ రెండూ కలపకూడదు బాబూ."

"ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్పాల? పదిహేడేళ్ళబట్టి సేత్తన్నాను. యాసిడ్ ఏసిన్నాడు బ్లీచింగు డబ్బా మూత కూడా తియ్యను. వొచ్చిన కొత్తల్లో ఓపాలి తెలీక కలిపీసినాను. గొంతు పట్టీసి, గుండిల మీద రాయెట్టినట్టు అయిపోనాది. తలుపులు బార్లా తీసున్నాయి గాబట్టి బతికినాను. మీరు కిటికీలు కూడా ముయ్యమంతన్నారు."

నేను బి.ఏ. చదివాను, చరిత్ర. యాసిడ్ సంగతి నాకేం తెలుసు? కానీ ఆవిడ మాట అబద్ధం కాదని మాత్రం ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది. అయినా నేనేమన్నానంటే, "ఉత్తర్వు ఉత్తర్వే అప్పలనరసమ్మా, సారుతో చెప్పుకో" అన్నాను. ఈ వాక్యం నా సర్వీసులో కొన్ని వందలసార్లు అనుంటాను.

ఆవిడ సారుతో చెప్పుకుంది. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"నువ్వేం చదివావు?"

"ఐదు తప్పినాను బాబూ."

"రసాయన శాస్త్రం ఎన్నో తరగతిలో వస్తుంది?" అని ఆయన నావైపు చూశారు. ఎనిమిదిలో అనుకుంటానన్నాను. "చూశావా మరి, నువ్వు అక్కడిదాకా రానేలేదు" అన్నారు ఆయన జాలిగా. తర్వాత 'స్వానుభవమును ఉత్తర్వు కన్న మిన్నగా భావించినందుకు' ఆవిడకో మెమో ఇమ్మన్నారు. దాన్ని కూడా నేనే టైపు చేశాను.

మంగళవారం పది గంటలకు ఆడవాళ్ళ వార్డులో రిహార్సల్. కిటికీలు మూశారు, ఫ్యాన్లు కట్టేశారు. అప్పలనరసమ్మ పైట కొంగు ముక్కుకి బిగించి కట్టుకుని బకెట్టు పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళింది. బెహరా గారు వార్డు గుమ్మంలో నిలబడ్డారు, చేతిలో గడియారం.

రెండు నిమిషాల్లో వాసన వచ్చింది. వాసన అని మాట వరసకి అంటున్నాను. అది ముక్కులోంచి లోపలికి దిగి గొంతులో గోళ్ళు పెట్టి రక్కింది. స్నానాలగది తలుపు సందులోంచి పలచని పసుపుపచ్చ పొగ నేలంటా పాకుతూ వస్తోంది. వార్డులో ఆడవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకోకుండానే లేచారు. సెలైన్ సీసాలు చేత్తో పైకెత్తి పట్టుకుని వరుసగా వరండాలోకి నడిచారు. బెహరా గారి కళ్ళు ధారలు కడుతున్నాయి.

"కన్నీరు కంటికి సహజ ప్రక్షాళనం" అన్నారు దగ్గుతూ. "ఒక్క పైసా మందు లేకుండా ఇంతమందికి ఒకేసారి కళ్ళు కడిగిన ఆస్పత్రి ఇంకోటి ఉందా చెప్పండి."

"లేదు సార్" అన్నాడు సన్యాసిరావు, వరండా చివర్నుంచి.

ఐదో నిమిషంలో అప్పలనరసమ్మ బయటికొచ్చింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. దగ్గు తెర మీద తెర. మాట్లాడబోతే మాట బదులు పిల్లంగోవిలాంటి కూత వచ్చింది. వరండా మెట్టు మీద కూలబడిపోయింది.

ఎవరో పరుగెత్తి నీలవేణి గారికి చెప్పారు. ఆవిడ ఓపీ వదిలేసి వచ్చారు. ముప్పై ఏళ్ళ పిల్ల. మనిషి చిన్నదేగానీ కోపం పెద్దది. ముందు అప్పలనరసమ్మని చెట్టు నీడకు గాలిలోకి మోయించారు. నీళ్ళతో కళ్ళు కడిగారు. వేలికి క్లిప్పు పెట్టారు. రక్తంలో ఆక్సిజన్ ఎనభై ఆరు శాతమే చూపించింది. నీటి సీసా గుండా వచ్చే ఆక్సిజన్ మాస్కు పెట్టించారు, ఊపిరి గొట్టాలు తెరుచుకోవడానికి నెబులైజరు పెట్టించారు, వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు.

"ఏం కలిపావమ్మా?"

"సారు కలపమన్నవే తల్లీ. యాసిడ్డూ... బ్లీచింగూ."

ఆవిడ తలెత్తి మా అందరివైపూ చూశారు. నేను చెట్టువైపు చూశాను.

కేసు షీటు మీద నీలవేణి గారు గుండ్రటి అక్షరాలతో రాశారు: రసాయన వాయువు పీల్చడం వల్ల ఊపిరితిత్తుల వాపు. వైద్య భాషలో కెమికల్ న్యుమోనైటిస్. క్లోరిన్ అనే విషవాయువు బకెట్లోనే తయారైందని కూడా రాశారు. గంటలో ఎక్స్-రే వచ్చింది. ఫిల్ము నిర్మలంగా ఉంది. అది చూసి బెహరా గారి ప్రాణం లేచొచ్చింది.

"ఏమీ లేదుగా. ఇంటికి పంపేద్దాం."

"ఈ జబ్బుతో వచ్చే చిక్కే అది సార్" అన్నారు నీలవేణి గారు. "మొదటిరోజు ఫిల్ములో ఏమీ కనపడకపోవచ్చు. బాగున్నామనుకుని ఇంటికెళ్తారు. మర్నాటికి ఊపిరితిత్తుల్లో నీరు దిగుతుంది. అప్పుడు తిరిగి తీసుకొచ్చేలోపే ప్రాణం పోతుంది. రెండు రోజులు ఆక్సిజన్ మీద, నా కళ్ళముందు ఉండాలి. కదపడానికి వీల్లేదు."

ఆవిడ చెప్పింది వైద్యం. బెహరా గారికి వినపడింది గురువారం. ప్రతి కేసునీ పోర్టల్లో ఎక్కించాలి, ఎక్కించినది రాజధానిలో కనపడుతుంది. మధ్యాహ్నం రెండింటికి 'వ్యాధి నిర్ధారణ సమన్వయ సంఘం' సమావేశమైంది. నేను మినిట్స్.

"డాక్టరమ్మగారూ, పరిశుభ్రత వల్ల జబ్బు వచ్చిందని రాస్తే ఏమవుతుంది? జబ్బు పోవడానికి శుభ్రత, శుభ్రత వల్ల జబ్బు. ప్రజలకు ఎలాంటి సందేశం వెళుతుంది?" అన్నారు బెహరా గారు.

సన్యాసిరావు చెయ్యెత్తాడు. "మామూలు న్యుమోనియా అని రాస్తే సరిపోతుంది సార్. క్రిముల మీదికి తోసేద్దాం."

బెహరా గారి మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. అప్పలనరసమ్మ పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా ఆస్పత్రిలోనే ఉంటుంది. క్రిములు పట్టాయంటే ఇక్కడే పట్టాయన్నమాట. మూడో అంశం ప్రకారం మా ఆస్పత్రిలో క్రిములు లేవు. లేవని పోయినవారమే రాసిచ్చాం. ఆస్తమా అందామంటే, ఆవిడ ఛాతీ దివ్యంగా ఉందని పదిహేడేళ్ళుగా ఏటా ధ్రువపత్రం ఇస్తున్నది ఈ ఆస్పత్రే. బీడీ అందామంటే ఆవిడ కాల్చదు. పక్కవాళ్ళు కాల్చారందామంటే మా ఆవరణ ధూమపానరహితం, అది తొమ్మిదో అంశం.

"మానసికం?" అన్నారు బెహరా గారు ఆశగా.

"వేలికి పెట్టిన మీటరు ఎనభై ఆరు చూపిస్తోంది సార్. మీటరుకి మనసుండదు" అన్నారు నీలవేణి గారు.

చర్చ గంటా పది నిమిషాలు సాగింది. ఒక్కో కారణాన్నీ పిలిచి, విచారించి, పంపేశాం. చివరికి తీర్మానం ఇలా కుదిరింది: "సదరు ఉద్యోగిని ఊపిరితిత్తుల వాపునకు అనుమతింపదగిన కారణమేదియు లభ్యము కానందున, వాపు లేనట్లుగా పరిగణించడమైనది. జబ్బు లేని వ్యక్తికి మంచము, ప్రాణవాయువు కేటాయించుట నిబంధనలకు విరుద్ధము కనుక తక్షణమే ఇంటికి పంపవలెను."

నీలవేణి గారు లేచి నిలబడ్డారు. "కాగితం మీద కారణం లేకపోతే లోపల వాపు తగ్గిపోతుందా సార్?"

"తగ్గకపోతే అది ఆమె క్రమశిక్షణకు సంబంధించిన విషయం" అన్నారు ఆయన.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి బకెట్టు దగ్గర్లో లేదు. నాకు ఆ క్షణాన నా మీద నాకే రోత పుట్టింది. ఆ తీర్మానం సంతకానికి పట్టుకెళ్తే సాయంత్రానికి అప్పలనరసమ్మ ఆటోలో ఉంటుంది, రేపు ఏమవుతుందో ఇందాకే విన్నాను. ఆవిడ తరఫున వాదించడానికి నాకు వైద్యం రాదు. నాకు వచ్చిందల్లా ఆ నలభై అంశాల పత్రం. దాన్ని ముందుంచుకుని ఒకటి నుంచీ చదివాను. ఇరవై రెండో అంశం దగ్గర ఆగాను.

"సార్, ఒక్క మనవి. ఆక్సిజన్ పరికరం పనిచేస్తున్నట్టు ఒక వ్యక్తికి అమర్చి చూపించాలని ఉంది. ఎనిమిది మార్కులు. ఇరవై మూడులో నెబులైజరు, దానికి ఐదు."

బెహరా గారు పత్రం లాక్కుని మూడుసార్లు చదివారు. "వ్యక్తికి జబ్బుండాలని లేదు కదా?"

"ఉండకూడదు సార్. ఉంటే అది వైద్యమైపోతుంది, ప్రదర్శన కాదు. జబ్బు లేదని మీరు తీర్మానం చేసిన మనిషి ఈ ఆస్పత్రి మొత్తానికి ఒక్కర్తే ఉంది. గురువారం దాకా తీయకుండా ఉంచితే అలవాటు పడుతుంది."

ఆయన నా భుజం తట్టారు. పది నిమిషాల్లో ఉత్తర్వు అయిపోయింది. అప్పలనరసమ్మ మంచానికి ఒక అట్ట వేలాడదీశారు: 'ప్రదర్శన సామగ్రి. కదల్చరాదు.' ఇంజక్షన్లను అత్యవసర మందుల అంశం కింద సర్దాను. నీలవేణి గారు నన్ను వరండాలో ఆపారు.

"సిగ్గుగా లేదాండీ మీకు?"

"ఉందమ్మా."

ఆవిడ కాసేపు ఆ అట్టవైపు చూశారు. "సరే. దాన్ని మాత్రం తియ్యనివ్వకండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

బుధవారం మధ్యాహ్నానికి డాక్టరమ్మ చెప్పినదంతా జరిగింది. అప్పలనరసమ్మకు పడుకుంటే ఊపిరి అందడం లేదు. కూర్చోబెట్టి వీపుకి తలగడలు పెట్టారు. రెండో ఎక్స్-రేలో రెండువైపులా దూది పరిచినట్టు తెలుపు. నీలవేణి గారు ఆక్సిజన్ పెంచి, మందులు మార్చి, కుర్చీ వేసుకుని ఆ మంచం పక్కనే ఓపీ చూశారు. నాలుగింటికి నేను వెళ్తే అప్పలనరసమ్మ మాస్కు కొద్దిగా జరిపింది.

"బాబూ, ఆ అట్ట మీద ఏటి రాసినారు?"

చదివాను.

"సామగ్రంటే?"

"సామాను."

ఆవిడ కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "బకెట్టు, సీపురూ, నానూ. సర్లే. సామానయితే ఇంటికి పంపరు గావాల."

మాస్కు సరిచేసి వచ్చేశాను.

గురువారం పదకొండింటికి బృందం దిగింది. ఛైర్మన్ గారు పొడుగ్గా, సిల్కు లాల్చీలో, పెద్ద ముక్కుతో ఉన్నారు. వార్డులోని రోగుల్ని నీలవేణి గారు 'సూర్యరశ్మి కార్యక్రమం' పేరుతో పొద్దున్నే ఆవరణలోకి తరలించేశారు. బకెట్లో కలపడానికి మిగతా కార్మికులెవరూ ముందుకు రాలేదు. చివరికి సన్యాసిరావే స్నానాలగది బయట నిలబడి, పొడవాటి వెదురుకర్రకు డబ్బా కట్టి లోపలికి ఒంపి, కర్ర అక్కడే పడేసి స్టోర్సు దాకా పరుగెత్తాడు.

ఛైర్మన్ గారు ఖాళీ వార్డు మధ్యలో నిలబడి, రెండు చేతులూ చాచి, గుండెల నిండా పీల్చారు.

"ఆహా! ఇదీ... ఖళ్... ఇదీ ఆస్పత్రంటే... ఖళ్ ఖళ్... నాలుగేళ్ళుగా తిరుగుతున్నాను, ఇంత నిజాయితీగల వాసన..."

తక్కినది దగ్గులో కలిసిపోయింది. బృందం సభ్యులు ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటూ పది వేశారు. రిమార్కుల గడిలో 'శ్వాసకు అందనంత పరిశుభ్రత' అని రాశారు.

అక్కణ్ణుంచి ఇరవై రెండో అంశానికి వచ్చారు. వరండా అవతలి గదిలో అప్పలనరసమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కనే నీలవేణి గారు.

"ఈవిడకేం జబ్బు?"

"ఏమీ లేదు సార్. ప్రదర్శన" అన్నారు బెహరా గారు.

అప్పలనరసమ్మ మాస్కు తీసింది. "నాటకం కాదు బాబూ. తమరు ఇప్పుడు పీల్సినారు సూడండి, అదే పీల్సినాను. ఐదు నిముసాలు. ఊపిరాడ్నేదు. మీరూ జాగర్తగుండండి."

ఛైర్మన్ గారు చలించిపోయారు. బెహరా గారి చెయ్యి పట్టుకుని, "సంభాషణలు కూడా మీరే రాయించారా? ఆ ఆయాసం! గొంతులో ఆ కూత! ఎంత సహజత్వమండీ!" అన్నారు.

"సార్, ఆవిడకు నిజంగానే..." అని నీలవేణి గారు ముందుకొచ్చారు.

"ఈవిడ డాక్టరుగా నటిస్తున్నారు కాబోలు. భేష్" అని ఆయన ఎనిమిదికి ఎనిమిదీ వేసి, ప్రత్యేక ప్రశంస రాసి భోజనానికి కదిలారు. భోజనం సగంలో దగ్గు ఎక్కువై కారెక్కారు. ఆయన ముక్కు పెద్దదే కానీ పీల్చింది రెండు గుక్కలే, బతికిపోయారు.

ఐదు నక్షత్రాలు వచ్చాయి. సన్యాసిరావుకి శాలువా. సోమవారం ఉదయం జిల్లా కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది: "ఛైర్మన్ గారి ప్రశంస దృష్ట్యా, శ్రీమతి అప్పలనరసమ్మను జిల్లాలోని తక్కిన పదకొండు ఆస్పత్రులకు ఆక్సిజన్ ప్రదర్శన నిమిత్తం డెప్యుటేషన్‌పై పంపవలెను. సహజత్వము లోపించకుండుటకు ప్రతి ప్రదర్శనకు ముందు ఆమె యథావిధిగా సిద్ధము కావలెను."

యథావిధిగా అంటే బకెట్టే. పదకొండు బకెట్లు. నీలవేణి గారికి చూపిస్తే పాలిపోయారు. "ఇంకొక్కసారి పీలిస్తే బతకదు" అన్నారు.

బెహరా గారు మొదట మురిసిపోయారు. నేను ఉత్తర్వు కాపీ ఆయన ముందు పెట్టి, వినయంగా అన్నాను: "మన మనిషి వెళ్తే పదకొండు ఆస్పత్రులకీ ఎనిమిదికి ఎనిమిది వస్తుంది సార్. అప్పుడు మనం పన్నెండు మందిలో ఒకళ్ళం."

ఆయన చేతిలోని టీ కప్పు ఆగిపోయింది. "ఇది అన్యాయం. కష్టపడి తయారుచేసుకున్నది మనం. పంపకుండా ఉండటానికి మార్గం లేదా?"

"అనారోగ్యం ఒక్కటే సార్" అని, నీలవేణి గారు మంగళవారం రాసిన కేసు షీటు ఫైల్లోంచి తీసి పెట్టాను.

"ఇందులో బకెట్టు సంగతి ఉందే! అది కొట్టేస్తే?"

"కారణం లేని జబ్బుని వాళ్ళు నమ్మరు సార్. మనమే నమ్మలేదు. అప్పుడు పంపాల్సిందే."

ఒకవైపు బకెట్టు, ఇంకోవైపు పదకొండు ఆస్పత్రులు. చివరికి ఈర్ష్యే గెలిచింది. పూర్తిగా చదివి, విషవాయువు అన్నచోట కూడా ఏమీ కొట్టేయకుండా సంతకం పెట్టారు. అలా వాపు వచ్చిన ఏడో రోజున అప్పలనరసమ్మకు జబ్బు మంజూరైంది. ఆరువారాల సెలవు, మందులు, మళ్ళీ మళ్ళీ పరీక్షలు, జీవితంలో ఆ పని చెయ్యనక్కర్లేదని సిఫార్సు. నీలవేణి గారు స్వయంగా ఆ అట్ట తెంపి చెత్తబుట్టలో పడేశారు. నేను మూడు రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాను. ఇంట్లో మా ఆవిడకి ఈ కథ రెండుసార్లు చెప్పాను, రెండోసారి నా పాత్ర కాస్త పెద్దదైంది.

శుక్రవారం ఉదయం పదకొండింటికి వెంపలగెడ్డ ఆస్పత్రి నుంచి మనిషి చేత లేఖ వచ్చింది. కొండకింద చిన్న ఆస్పత్రి, మాకు నలభై కిలోమీటర్లు. బెహరా గారు జిల్లా మీటింగులో ఉన్నారు. నేనే తెరిచాను.

"తమ ప్రదర్శనకారిణి అస్వస్థత వలన రాలేకపోవుట తెలిసి చింతిస్తున్నాము. అయితే తమరు అందజేసిన పద్ధతినే అనుసరించి స్థానికముగా ఒకరిని సిద్ధము చేసుకొంటిమని తెలియజేయుటకు సంతసించుచున్నాము. ఈ ఉదయము జరిగిన ప్రయత్నము సంతృప్తికరము."

అందజేసిన పద్ధతి ఏమిటా అని చూస్తే కింద జతపరిచి ఉంది. నేను టైపు చేసిన ఉత్తర్వే. ఆదర్శ పద్ధతిగా జిల్లా అంతా పంచిపెట్టారట. సమపాళ్ళలో, ఒకే బకెట్టులో, కిటికీలు మూసి.

కాగితం పట్టుకుని వార్డుకి పరుగెత్తాను. నీలవేణి గారు చదివి తలపట్టుకున్నారు. మంచం మీంచి అప్పలనరసమ్మ అడిగింది.

"ఎవులు బాబూ ఆ మనిసి? పేరేటి?"

లేఖలో పేరు లేదు. ఫోన్ చేశాను. అవతల ఎవరో క్లర్కు.

"మీ దగ్గర పొద్దున్న వాయువు పీల్చిన మనిషి ఉందా?"

"అలాంటి రోగులెవరూ లేరండి ఇక్కడ."

"రోగి కాదయ్యా. ప్రదర్శనకి."

"ఓ, ఆవిడా! పైడితల్లి. బాగానే ఉందండి. కాస్త దగ్గింది. ఎక్స్-రేలో ఏమీ లేదు. తనిఖీ వచ్చేవారం కదా, ఇంటికి పంపేశాం."

స్పీకరులో అందరూ విన్నారు. అప్పలనరసమ్మ మంచం దిగబోయింది. "రేపు దిగిపోతాది బాబూ నీరు. ఎల్లండి. ఏగిరం ఎల్లండి. దాన్ని పడుకోబెట్టొద్దని సెప్పండి, కూకోబెట్టాల" అంటూ మళ్ళీ దగ్గులో పడింది. నర్సు వచ్చి పట్టుకుంది.

నీలవేణి గారు సిలిండరు ఎక్కించి అంబులెన్సులో కూర్చున్నారు. డ్రైవరు లోవరాజు రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. ప్రయాణ కారణం అని ఒక గడి, అనుమతించిన అధికారి అని ఇంకో గడి.

"సారు సంతకం నేకుండా బండి తియ్యకూడదు గదా బాబూ" అన్నాడు.

మొదటి గడిలో జబ్బు పేరు, దానికి కారణం పూర్తిగా రాశాను. రెండో గడిలో నా పేరు రాసి సంతకం పెట్టాను. లోవరాజు కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇదేం జబ్బు బాబూ? ఎప్పుడూ ఇన్నేదు. ఎక్కణ్ణించొచ్చింది?"

"మన ఆఫీసు నుంచే. నేనే టైపు చేశాను" అన్నాను. "ముందు బండి తియ్యి."